మూత్రావరోధము: తన చేతితో తానే గొట్టము వేసికొను పద్ధతి

భద్రాచలము నుండి దుమ్ముగూడెము మీదుగా చర్లకు పోవు బాటకు ఇరుప్రక్కల తాటిచెట్లును, లోపలి అడవిలో జీలుగు చెట్లును విస్తారముగా కనబడును. గీత పనివారును, కోయలును కల్లు కొరకు ఈ చెట్లను ప్రతిదినము ఎక్కి దిగుచుందురు. మోకు, ముస్తాదు తప్ప వారికి తరతరములుగా వేరు ఆధారము లేదు. జారిపడకుండ నిలుపు రక్షణ సాధనములను గీత కార్మికులకు కాటమయ్య పేరిట ఇచ్చు పథకమును తెలంగాణ ప్రభుత్వము 2024లో మాత్రమే ప్రారంభించినది. చింతపండు దులుపుటకు, తేనె తీయుటకు చెట్లెక్కువారును కలరు. కొత్తగూడెము, ఇల్లెందు ప్రాంతములలో బొగ్గుగనుల పైకప్పు కూలి దెబ్బతిన్నవారి చరిత్ర వేరుగా ఉన్నది. పాశ్చాత్య దేశములలో వెన్నెముక విరుగుటకు వాహన ప్రమాదములు పెద్ద కారణము కాగా, మన దేశములో ఎత్తునుండి పడుట ముఖ్య కారణములలో ఒకటిగా నిలిచి ఉన్నది.

ఇట్లు పడినవానిని చూడవచ్చిన చుట్టములు కాళ్ళు పడిపోయినవని విచారింతురు. అది సహజమే. కాని అతని ప్రాణమునకు ఎక్కువ ముప్పు తెచ్చునది కాళ్ళు కాదు, మూత్రాశయము. మొదటి ప్రపంచ యుద్ధములో వెన్నుపాము తెగిన సైనికులలో అత్యధికులు కొద్ది వారములలో, నెలలలో మరణించిరి. వారిని చంపినది తుపాకిగుండు కాదు. మూత్రమార్గమున చేరిన క్రిములును, పడకపుండ్లును వారిని చంపినవి. పల్లెలలో నీరుకట్టు అనియు, తెలంగాణములో ఒంటేలు బందయినది అనియు చెప్పు ఈ స్థితికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు మూత్రావరోధము.

ఆరోగ్యవంతునిలో మూత్రాశయము ఎట్లు పనిచేయునో మొదట చూడవలెను. మూత్రపిండములు నిముషమునకు సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున మూత్రమును తయారుచేయును. దినమునకది ఒకటిన్నర లీటరగును. రెండు మూత్రనాళములు దానిని బొట్లు బొట్లుగా మూత్రాశయములోనికి దింపును. మూత్రాశయము కండరముతో చేయబడిన సంచి. దాని విచిత్రమేమనగా, నిండుచున్నను లోపలి ఒత్తిడి పెరుగదు. రబ్బరు బుడగను ఊదిన కొలది అది ఎదురు తిరుగును. మూత్రాశయమో సడలుచు చోటిచ్చును. నూటయేబది, రెండువందల మిల్లీలీటర్లు చేరినపుడు తొలి కబురు మెదడునకు పోవును. నాలుగువందలు దాటిన తరువాత ఆ కబురు హెచ్చరిక అగును.

ఈ కబురు తెచ్చు తీగలు వెన్నుపాము చివరిభాగమున ఉన్న త్రిక నాడులు, ముఖ్యముగా రెండు, మూడు, నాలుగవ జతలు. అక్కడ నుండి వెన్నుపాము గుండా మెదడు అడుగుభాగమునకు వార్త చేరును. పోవుటకు తగిన చోటు, తగిన వేళ అని మెదడు అనుమతి ఇచ్చినపుడు రెండు పనులు ఒకేమారు జరుగవలెను. సంచి కండరము ముడుచుకొనవలెను; ద్వారమున కాపలా ఉన్న సంవరణి కండరము సడలవలెను. ఒకటి బిగియుట, ఒకటి వదలుట – ఈ పొత్తు ఎంత సున్నితమైనదో, అది చెడినవారికే తెలియును.

వెన్నుపాము దెబ్బతిన్న తొలి వారములలో దెబ్బకు క్రిందిభాగమంతయు మొద్దువారి ఉండును. సంచి నిండును గాని ముడుచుకొనదు, నిండినట్లు తెలియదు. ఆ పిమ్మట దెబ్బ తగిలిన చోటునుబట్టి దారులు రెండు. చెట్టుమీద నుండి పడినవారిలో తరచుగా విరుగునది వీపు, నడుము కలియుచోటు. అనగా పండ్రెండవ ఉరః కశేరుక, మొదటి కటి కశేరుక. వెన్నుపాము కొస సరిగా అక్కడనే ఉన్నది. ఆ కొస నలిగినచో మూత్రాశయము శాశ్వతముగా సడలిన తోలుసంచివలె మిగులును. పొంగి పొరలిన నీరు బొట్లుగా కారుచుండును. చూచువారు మూత్రము వచ్చుచునే ఉన్నదనుకొందురు. ఇది పెద్ద పొరపాటు. కారునది పైపైన పొరలిన నీరే; లోపల లీటరు నిలువ ఉండవచ్చును.

దెబ్బ అంతకు పైన తగిలినచో త్రిక నాడులు బ్రతికియే ఉండును గాని మెదడు మాట వినవు. సంచి తనంతట తాను ముడుచుకొనును, అదే క్షణమున ద్వారకండరమును బిగుసుకొనును. తలుపు మూసి లోపలినుండి త్రోసినట్లగును. ఒత్తిడి పెరిగి వెనుకకు, మూత్రపిండములవైపు తన్నును. లోపలి ఒత్తిడి నలుబది సెంటీమీటర్ల నీటి స్తంభము ఎత్తునకు మించి నిలిచినచో మూత్రపిండములు చెడిపోవు భయము కలదని వైద్యులు లెక్కింతురు. నలుబది సెంటీమీటర్ల స్తంభమనగా ఎంత? బడిలో పారదర్శకమైన గొట్టమును నిలువుగా పట్టి మూరకంటె కొంచెము తక్కువగా నీరు నింపి చూపవచ్చును. అంతపాటి ఒత్తిడికే, నొప్పి తెలియకుండగనే, కొన్ని సంవత్సరములలో మూత్రపిండములు పాడగును.

కావున సంచిని ఏదో విధమున ఖాళీ చేయవలెను. ఈ ఆలోచన క్రొత్తది కాదు. మూత్రద్వారము సన్నగిల్లిన వ్యాధికి ఇనుముతోగాని, కొయ్యతోగాని, లక్కతోగాని చేసి నెయ్యి పూసిన గొట్టమును వాడవలెనని సుశ్రుత సంహితలో ఉన్నది. మూడేసి దినములకు లావు పెంచుచు పోవలెననియు అందు చెప్పబడినది. అమెరికాలో విద్యుత్తును గూర్చి పరిశోధించిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, రాతి జబ్బుతో బాధపడుచున్న తన అన్న కొరకు 1752లో వంగు వెండి గొట్టమును చేయించెను. రబ్బరును గంధకముతో కాచి గట్టిపరచు విద్య పందొమ్మిదవ శతాబ్దమున వచ్చిన తరువాత మెత్తని గొట్టములు సాధ్యమైనవి. ఫ్రాన్సు దేశపు వైద్యుడు నెలటాన్ పేర ఎఱ్ఱ రబ్బరు గొట్టము నేటికిని పిలువబడుచున్నది. గొట్టముల లావు కొలుచు లెక్కయు ఫ్రాన్సుదే. షారియేర్ అను పనిముట్ల తయారీదారు పెట్టిన ఆ కొలతలో అంకెను మూడుతో భాగించిన మిల్లీమీటర్లలో వ్యాసము వచ్చును. పండ్రెండవ నంబరు గొట్టము వ్యాసము నాలుగు మిల్లీమీటర్లు. అది పెన్సిలుకంటె సన్ననిది. ఈ మాట ముందుగా చెప్పినచో రోగి భయము చాలవరకు తగ్గును.

గొట్టము పెట్టి, లోపల చిన్న బుడగను నీటితో ఉబ్బించి, జారకుండ అక్కడనే ఉంచివేయు పద్ధతి ఆసుపత్రులలో అందరికి పరిచితమే. అమెరికా వైద్యుడు ఫోలీ పేర చెలామణి అగుచున్న ఆ గొట్టమును మనవారు పైపు అందురు, దాని చివర సంచి వ్రేలాడుచుండును. ప్రమాదము జరిగిన తొలి దినములలో అది అవసరమే. అయితే దానిని నెలల తరబడి ఉంచుటతో చిక్కు మొదలగును. గొట్టము లోపల ఉన్న ప్రతి దినమును నూటికి మూడు నుండి ఏడుగురి మూత్రములో క్రిములు చేరును. నెల తిరుగునప్పటికి దాదాపు అందరిలోను చేరి ఉండును. క్రిములు గొట్టము గోడలకు జిగురుపొరవలె అంటుకొని మందులకు లొంగవు. కొన్ని జాతుల క్రిములు మూత్రములోని యూరియాను విరిచి అమ్మోనియాను పుట్టించును. మూత్రము క్షారమగును, లవణములు గట్టిపడి రాళ్ళగును, గొట్టము పూడిపోవును. ఊరికి వచ్చిన రోగి గొట్టము పూడినపుడు వర్షపు రాత్రి వాగు దాటి ఆసుపత్రికి పోవుట ఎంత కష్టమో ఏజన్సీ గ్రామములవారికి చెప్పనక్కరలేదు.

ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో 1944లో వెన్నుపాము రోగుల విభాగమును ప్రారంభించిన లుడ్విగ్ గుట్‌మన్ మరియొక దారి పట్టెను. గొట్టమును లోపల వదలక, కొన్ని గంటలకొకసారి పెట్టి, ఖాళీ చేసి, తీసివేయుట ఆ దారి. ఆయన ఆసుపత్రిలో ఈ పని వైద్యులే, ముఖమునకు గుడ్డ కట్టి, ఒక్క క్రిమియు లేని శుద్ధ సాధనములతో చేయుచుండిరి. ఫలితములు చాల బాగుగా వచ్చినవి. 1966లో గుట్‌మన్, ఫ్రాంకెల్ అనువారు వానిని ప్రకటించిరి. అయితే దినమునకు అయిదారు మార్లు వైద్యుని ఇంటికి పిలుచుకొనగలవాడెవడు?

చిక్కుముడి విప్పినది అమెరికాలోని మిచిగన్ విశ్వవిద్యాలయ వైద్యుడు జాక్ లాపిడెస్. 1972లో ఆయనయు, సహచరులును ప్రకటించిన వ్యాసములోని మాట ఆనాటి వైద్యలోకమునకు మింగుడుపడలేదు. శుద్ధమైన చేతితొడుగులు అవసరము లేదు, సబ్బుతో కడిగిన చేతులు చాలును; గొట్టము శుభ్రముగా ఉన్న చాలును; రోగి తన చేతితో తానే వేసికొనవచ్చును – ఇది ఆయన చెప్పినది. క్రిములు లోపలికి పోవా? పోవును. కాని క్రిమి ప్రవేశించుటయే వ్యాధి కాదు. సంచి గోడ బిగుతుగా సాగినపుడు అందలి రక్తనాళములు నలిగి రక్తము తగ్గును, రక్తముతో వచ్చు రక్షణయు తగ్గును. అట్టి గోడలోనే క్రిమి పాతుకొనును. సంచిని అతిగా నిండనీయకున్నచో గోడ తన్ను తాను కాపాడుకొనును. ఇది ఆయన వాదము. కాలము దానిని నిలబెట్టినది.

విద్యార్థులు దీనిని లెక్కగా చేసి చూడవచ్చును. గొట్టముతో నూరు క్రిములు లోపలికి పోయినవనుకొందము. సులువు కొరకు అరగంటకొకసారి అవి రెట్టింపగునని తీసికొందము. నాలుగు గంటలలో ఎనిమిది రెట్టింపులు. అనగా 256 రెట్లు, మొత్తము 25,600 క్రిములు. అంతలో సంచిని ఖాళీ చేసినచో వానిలో చాలభాగము మూత్రముతోబాటు బయటపడును, మిగిలిన కొలదివానిని సంచి లోపలిపొర చూచుకొనును. పండ్రెండు గంటలు ఊరకున్నచో ఇరువదినాలుగు రెట్టింపులు. అది 1,67,77,216 రెట్లు, అనగా నూరు క్రిములు 167 కోట్లకు మించును. శరీరములో నిజమైన పెరుగుదల ఇంత తిన్నగా నడువదు గాని, గొట్టము ఎంత శుద్ధమైనది అనుదానికంటె ఎన్ని గంటలకొకసారి అనునది ఏల ముఖ్యమో ఈ లెక్క చెప్పును.

గంటల లెక్కయు ఇట్లే తేలును. గంటకు అరువది మిల్లీలీటర్ల చొప్పున నాలుగు గంటలలో 240, ఆరు గంటలలో 360. పెద్దవారిలో ఒక్కమారు తీసినది నాలుగువందలు, హెచ్చనిన అయిదువందల మిల్లీలీటర్లు మించరాదు. అందుచేతనే నాలుగు నుండి ఆరు గంటలకొకసారి అని వైద్యులు చెప్పుదురు. మొదటి వారములలో ప్రతిమారు కొలిచి పుస్తకములో వ్రాసికొనుట మంచిది. అయిదువందలు దాటుచున్నచో వేళ ముందునకు జరుపవలెను. నూటయేబదియే వచ్చుచున్నచో వెనుకకు జరుపవచ్చును. రోగికి కబురు చెప్పు నాడి లేదు గనుక గడియారమే ఆ నాడి పని చేయవలెను.

ఈ పనిని మొదట వైద్యుడుగాని, నర్సుగాని చేయించి నేర్పవలెను. చదివి నేర్చుకొనునది కాదు. అయినను తీరు తెలిసి ఉండుట మేలు. చేతులను సబ్బుతో బాగుగ కడుగుకొని, మూత్రద్వారము చుట్టును కడుగవలెను. గొట్టము కొనకు నీటిలో కరగు జెల్లీ పూయవలెను. నూనెలు, వాసెలిను రబ్బరును పాడుచేయును. పురుషునిలో ప్రసేకము సుమారు ఇరువది సెంటీమీటర్లుండి వంపు తిరిగి ఉండును. శిశ్నమును పొట్టవైపు ఎత్తి పట్టినచో ఆ వంపు కొంత తిన్నగా అగును. గొట్టమును నెమ్మదిగా పోనిచ్చి, మూత్రము రాగానే మరి రెండు మూడు సెంటీమీటర్లు జరిపి, ధార ఆగువరకు ఉంచవలెను. తీయునపుడు తొందర కూడదు. మధ్యలో మరల ధార వచ్చినచో అక్కడ ఆగవలెను, ఏలయనగా అడుగున మిగిలినదే తరువాతి క్రిములకు విత్తనము. లోపల సంవరణి వద్ద గొట్టము అడ్డగించినట్లు తోచుట సాధారణము. అప్పుడు బలము చూపరాదు. ఆగి, నిండుగా ఊపిరి తీసి వదలినచో కండరము కొంతసేపటికి సడలును.

స్త్రీలలో ప్రసేకము నాలుగు సెంటీమీటర్లే. దారి చిన్నది గాని ద్వారము కంటికి కనబడదు. మొదట అద్దము సాయముతో చూచి, తరువాత వ్రేలితో తడిమి గుర్తుపట్టుట నేర్తురు. కొన్ని వారములలో అద్దము లేకయే, చీకటిలోనైనను చేయగలుగుదురు.

వాడిన గొట్టమును ఏమి చేయవలెను? సంపన్న దేశములలో ఒకసారి వాడి పారవేయు గొట్టములు అలవాటైనవి. మన దేశములో చాలమంది కడిగి మరల వాడుదురు. ఈ రెంటిలో ఏది మేలనుదానికి పరిశోధనలు ఇంతవరకు తిరుగులేని తీర్పు ఇయ్యలేదు. కొనగలిగినవాడు క్రొత్తది వాడుట మంచిదే. కొనలేనివాడు గొట్టము ఖర్చునకు వెరచి వేళలు తగ్గించుకొనుట మాత్రము ఎంతమాత్రము మంచిది కాదు. కడుగువారు సబ్బునీటిని లోపల కూడ పారించి, మంచినీటితో తొలిచి, లోపలి తడిని విదిలించి, నీడలో ఆరవిడిచి, పొడి డబ్బాలో దాచవలెను. తడిసిన ప్లాస్టిక్ సంచిలో చుట్టిపెట్టుట క్రిములకు ఇల్లు కట్టి ఇచ్చుటయే. సాధారణమైన ప్లాస్టిక్ గొట్టము కాచినచో వంకరపోవును. సిలికోను గొట్టము కాగుటకు ఓర్చుకొనును. గొట్టము బిరుసెక్కినను, పగిలినను పారవేయవలెను. ఇతరుల గొట్టము, అది సొంత అన్నదైనను, వాడరాదు.

మూత్రములో క్రిములున్నవని ప్రయోగశాల కాగితము వచ్చినంతనే మందులు మ్రింగుట మరియొక దురలవాటు. ఈ పద్ధతి పాటించువారిలో చాలమందికి జ్వరము, నొప్పి లేకయే కొన్ని క్రిములుండును. వానికి మందు అక్కరలేదు; వాడిన కొలది మొండి క్రిములే మిగులును. జ్వరము, చలి, వీపున నొప్పి, మూత్రమున రక్తము, దుర్వాసనతోకూడిన మడ్డి కనబడినపుడు ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. వీపు పైభాగమున, అనగా ఆరవ ఉరః కశేరుక వద్దగాని, దానికి పైనగాని దెబ్బతిన్నవారు ఇంకొకటి ఎరిగి ఉండవలెను. సంచి అతిగా నిండినచో వారికి హఠాత్తుగా తల పగులునంత నొప్పి, ముఖమున చెమట, రక్తపుపోటు వచ్చును. అది ప్రాణాపాయము. వెంటనే కూర్చుండబెట్టి సంచిని ఖాళీ చేయవలెను. అందుతో తగ్గకున్నచో క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను.

కొత్తగూడెము, భద్రాచలము ఎండలు ప్రసిద్ధములు. గొట్టము వేసికొను శ్రమ తప్పించుకొనుటకు నీళ్ళు త్రాగుట మానువారు చాలమంది. వేసవిలో నీరు చెమటగా పోయి మూత్రము చిక్కబడును, రాళ్ళు పుట్టును. దినమునకు మొత్తము ఒకటిన్నర, రెండు లీటర్లు మూత్రము వచ్చునట్లు త్రాగవలెను; ఎండాకాలమున అందుకు మరింత నీరు పట్టును. చెంబెడు నీళ్ళు ఒకేమారు త్రాగక కొంచెము కొంచెముగా దినమంతట పంచుకొనుటయు, నిద్రకు రెండు గంటల ముందు తగ్గించుటయు అనుభవము నేర్పు ఉపాయములు.

అసలు కష్టము వ్రేళ్ళకు కాదు, మనస్సునకు. ఆ భాగమును తాకుటయే సిగ్గని పెరిగిన మనిషికి ఇది నేర్పుట సులువు కాదు. చాల ఇండ్లలో ఈ పని తల్లియో, భార్యయో చేయును. చేతులు ఆడువాడు తానే నేర్చుకొనుట ఇరువురకు మేలు; ఆమె కూలికి పోవచ్చును, అతడు బయటికి పోవచ్చును. తమిళనాడులోని వెల్లూరులో 1954లో కారు ప్రమాదమున నడుము క్రిందుగా చచ్చుబడిన వైద్యురాలు మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగులకు శస్త్రచికిత్సలు చేసెను. ఆమె పూనికతో 1966లో అక్కడి క్రైస్తవ వైద్య కళాశాల పక్షాన పునరావాస సంస్థ తెరువబడినది. వెన్నుపాము రోగిని మంచముపై పడుకొనబెట్టుట చికిత్స కాదని మన దేశమునకు చూపిన చోట్లలో అది ఒకటి. మన ప్రాంతమున 2022లో కొత్తగూడెములోను, 2023లో ఖమ్మములోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. హైదరాబాదునకు మూడువందల కిలోమీటర్లకు పైగా పోవలసిన భద్రాచలము రోగికి ఈ దగ్గరితనము చిన్న విషయము కాదు.

ఈ అవసరము వెన్నెముక విరిగినవారికే కాదు. చిరకాలపు మధుమేహమున నాడులు మొద్దువారినవారికి, కష్టమైన కాన్పు తరువాత కొన్ని దినములపాటు కొందరు బాలింతలకు మూత్రము బిగియును. ముదుసలి పురుషులలో పౌరుష గ్రంథి పెరిగి దారి మూసికొనిపోవుట మిక్కిలి తరచు. అయితే వారిలో చాలమందికి మందుతోనో, శస్త్రచికిత్సతోనో తీరును గనుక ముందు పరీక్ష చేయించుకొనవలెను.

ఉపాధ్యాయులు ఎరుగవలసినది పుట్టుకతో వెన్నెముక సరిగా మూసికొనని పిల్లల సంగతి. గర్భము నిలుచుటకు ముందునుండి తల్లి ఫోలిక్ ఆమ్లము తీసికొన్నచో ఈ లోపమును చాలవరకు నివారించవచ్చునని 1991లో ప్రకటించిన పరిశోధన స్థిరపరచినది. అట్లు పుట్టిన పిల్లలు చదువులో ఎవరికిని తీసిపోనక్కరలేదు. ఆరేడేండ్లకే తమ గొట్టము తాము వేసికొనుట నేర్చిన పిల్లలు కలరు. ఆ బాలికకు బడిలో కావలసినవి గడియ ఉన్న మరుగుదొడ్డి, నీరు, సబ్బు, వేళకు లేచిపోవుటకు అనుమతి. పాఠము మధ్యలో అయినను పోనియ్యవలెను, అందరియెదుట కారణమడుగరాదు. ఆశ్రమ పాఠశాలలలో రాత్రి పడుకొనబోవుటకు ముందు ఒకమారు, తెల్లవారి లేవగానే ఒకమారు అను నియమమును వార్డెను గుర్తుంచుకొన్నచో చాలును.

గోదావరి ఒడ్డున నివసించువారికి ఒక ప్రత్యేక జాగ్రత్త కలదు. భద్రాచలము వద్ద 1986 ఆగస్టులో నీటిమట్టము 75.6 అడుగులకును, 2022 జూలైలో 71.3 అడుగులకును చేరినది. దారులు మునిగి, జనము పునరావాస శిబిరములకు తరలింపబడిరి. అట్టి సమయమున మందుల దుకాణము అందుబాటులో ఉండదు, కడుగుటకు మంచినీరును కొరతయే. వానకాలము రాకముందే పదిహేను దినములకు సరిపడు గొట్టములు, జెల్లీ, సబ్బు, కాచి చల్లార్చిన నీటికి మూతగల డబ్బా ఒక సంచిలో సర్ది పెట్టుకొనవలెను. శిబిరములో చేరగానే అక్కడి ఆరోగ్య కార్యకర్తకు తన స్థితిని చెప్పి మరుగైన చోటు అడుగవలెను. గొట్టము ఎంతకును పోకుండ ఆరు గంటలు దాటినచో, పడవనైనను అడిగి ఆసుపత్రికి చేరవలెను.